ఐదు రోజులకో కొత్త చిత్రం, ఉచితంగా: కోపర్నికస్ బ్రౌజర్ సమీక్ష

గూగుల్ ఎర్త్‌లో ఇంటి పైకప్పు, గేటు ముందు కారు చూసిన అలవాటుతో, యూరప్ ఉపగ్రహ చిత్రాలను చూపే వెబ్‌సైటు కోపర్నికస్ బ్రౌజర్ తెరిస్తే మొదటి పది నిమిషాలూ నిరాశే. ఇక్కడ ఒక పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఇల్లు ఒకటి రెండు చుక్కలుగా కనిపిస్తుంది, కారు అసలు కనిపించదు. అయితే ఈ సేవను తూచాల్సింది ఆ రాయితో కాదు. గూగుల్ ఎర్త్ బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా అది ఎప్పుడో ఒక రోజుది. ఇక్కడ 2015 నుంచి అదే చోటు వరసగా దొరుకుతుంది. 2017లో రెండో సెంటినల్-2 ఉపగ్రహం చేరాక ఐదు రోజులకోసారి కొత్త దృశ్యం వస్తోంది. దీన్ని యూరోపియన్ యూనియన్ తన ఖర్చుతో నడుపుతోంది. డేటాను ఏ దేశం వాళ్లయినా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు. కోపర్నికస్ సెంటినల్ డేటా అనీ, ఏ సంవత్సరానిదనీ, మార్పులు చేస్తే చేశామనీ చెప్పాలి, అంతే.

ఈ ఉచితం ఏం మార్చిందో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చరిత్ర చూస్తే అర్థమవుతుంది. 1972లో మొదలైన ఆ కార్యక్రమంలో ఒక్కో దృశ్యానికి 1980ల్లో వేల డాలర్లు, ల్యాండ్‌శాట్-7 కాలానికి 600 డాలర్లు వసూలు చేశారు. అమ్మకాలు బాగా సాగిన 2001లో కూడా ఏడాది మొత్తానికి పోయినవి సుమారు 25 వేలు. 2008లో ఆ ధర ఎత్తేశాక ఏడాది తిరక్కుండానే డౌన్‌లోడ్లు పది లక్షలకు చేరాయి. అంతకుముందు ఒకటో రెండో దృశ్యాలు కొని మధ్యలో ఏం జరిగిందో ఊహించుకునేవారు. ఆ తర్వాత మొత్తం వరసను పేర్చి చూడడం మొదలైంది. యూరోపియన్ కమిషన్ సంయుక్త పరిశోధన కేంద్రం 2016లో ఇచ్చిన ప్రపంచ ఉపరితల జలాల పటం 30 లక్షల ల్యాండ్‌శాట్ దృశ్యాలతో తయారైంది. 1984 నుంచి 2015 మధ్య దాదాపు 90 వేల చదరపు కిలోమీటర్ల మేర శాశ్వత జలాలు మాయమయ్యాయనీ, వేరే చోట్ల 1,84,000 చదరపు కిలోమీటర్ల మేర కొత్తగా ఏర్పడ్డాయనీ అందులో తేలింది. పాత 600 డాలర్ల లెక్కన అయితే దృశ్యాలకే 180 కోట్ల డాలర్లు అయ్యేది. అప్పుడు ఆ పని ఎవరూ తలపెట్టేవారు కాదు.

ఇక వాడకం. ఊరికే చూడడానికి ఖాతా అక్కర్లేదు. డౌన్‌లోడ్లకూ లెక్కలకూ ఉచిత ఖాతా తెరవాలి. పటం మీద మీ చోటుకు వెళ్లి, సెంటినల్-2 ఎల్2ఏ ఎంచుకోండి. వాతావరణ ప్రభావాన్ని సరిదిద్దిన రకం అది. ఎల్1సీలో ఆ దిద్దుబాటు ఉండదు, వేర్వేరు తేదీలను పోల్చడానికి పనికిరాదు. తర్వాత మీ హద్దు గీసుకోండి. చాలామంది తప్పటడుగు వేసేది మబ్బుల జల్లెడ దగ్గర. మబ్బు శాతాన్ని పదికి తగ్గించేసి, దృశ్యాలే లేవని అనుకుంటారు. ఆ శాతం మీ హద్దుకు సంబంధించింది కాదు, 110 కిలోమీటర్ల చదరం మొత్తానిది. అందులో సగం మబ్బు ఉన్నా మీ పొలం మీద ఎండ కాస్తూ ఉండొచ్చు. అరవై, డెబ్బై దగ్గర పెట్టి కంటితో ఏరుకోవడమే నయం. ఏరేటప్పుడు మబ్బుతో పాటు దాని నీడనూ చూడండి. నీరున్న చోటును చూపే సూచిక పొరలో నీడ అచ్చం చెరువులా కనిపించి మోసం చేస్తుంది. డేటాతో పాటు వచ్చే వర్గీకరణ పొర మబ్బునూ నీడనూ గుర్తిస్తుంది గానీ, తెల్లటి పైకప్పులనూ ఇసుకనూ కూడా అప్పుడప్పుడు మబ్బు ఖాతాలో వేసేస్తుంది.

పైరు పచ్చదనం చూసే ఎన్‌డీవీఐ పొర పెట్టి, హద్దు పక్కనున్న చార్టు గుర్తు నొక్కితే నెలల వారీ గీత వస్తుంది. ఒక్క తేదీ రంగు బొమ్మ కంటే ఆ గీతే విలువైనది. ఒక్కసారిగా పడిపోయి, తర్వాతి దృశ్యంలో మళ్లీ లేచిందంటే చాలావరకు అది మబ్బు. వరసగా మూడు దృశ్యాల్లో దిగుతూ వస్తే పైరు వైపు చూడాలి.

హద్దు ఎంత చిన్నదైతే నమ్మకం అంత తగ్గుతుంది. 50 మీటర్ల చదరపు మడిలో పిక్సెళ్లు 25. గట్టు, దారి, పక్క మడి కలిసిపోయే అంచు వరస తీసేస్తే మిగిలేవి తొమ్మిది. ఆకుల్లో పత్రహరితం తేడాను పట్టే రెడ్ ఎడ్జ్ బ్యాండ్లయితే (బ్యాండు అంటే ఉపగ్రహం విడిగా కొలిచే ఒక రకం కాంతి) 20 మీటర్లవి కాబట్టి కలుషితం కాని పిక్సెల్ ఒకటి మిగిలినా గొప్పే. మడికి మడికి తేడా చెప్తామనే యాప్‌లు ఈ డేటా మీదే నడుస్తుంటే, వాటి రంగుల్ని ఈ లెక్కతో చూడండి.

ఫైళ్లు దించుకునేవాళ్లకు రెండు హెచ్చరికలు. ఎగుమతి చేసేటప్పుడు అనలిటికల్ విభాగంలో 32 బిట్ల టిఫ్ ఎంచుకోకపోతే చేతికొచ్చేది కొలత కాదు, రంగులద్దిన బొమ్మ. దాని మీద లెక్కలు వేసి తల పట్టుకున్న వాళ్లకు కొదవ లేదు.

రెండోది ఇంకా మాయదారిది. 2022 జనవరి 25 నుంచి ముడి ఫైళ్లలో ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. ఉదాహరణకు పరారుణ బ్యాండు 4000, ఎరుపు 1500 ఉన్నాయనుకోండి. ఈ రెంటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. అలాగే లెక్కేస్తే 0.45 వస్తుంది. రెండింట్లోంచీ 1000 తీసేసి 3000, 500 పెట్టి చేస్తే 0.71. అంటే 2021 డిసెంబరుకూ 2022 ఫిబ్రవరికీ మధ్య నిండుగా ఉన్న పైరు కాగితం మీద ఎండిపోయినట్టు లెక్క! బ్రౌజర్ లోపలి పొరల్లో ఈ సర్దుబాటు దానంతటదే జరిగిపోతుంది, ముడి ఫైళ్లలో మనమే చేయాలి. తేదీ చూసి సరిపెట్టుకోకండి. పాత దృశ్యాలను మళ్లీ తయారు చేసి విడుదల చేసినవాటిలోనూ ఆ 1000 ఉంటుంది. ఫైలు పేరులో ఎన్ అక్షరం తర్వాతి నాలుగు అంకెలు 0400 గానీ అంతకంటే పెద్దవి గానీ అయితే తీసేయాలి. ఇంత ముఖ్యమైన సంగతిని తెర మీద ఎక్కడా ఎర్రగా చూపించకపోవడం ఈ సేవలో నాకు నచ్చనిది.

ఇంతకుముందు ఈ డేటా ఇచ్చిన పాత వెబ్‌సైటు ఓపెన్ యాక్సెస్ హబ్ 2023 అక్టోబరు చివర్లో మూతపడింది. దాని గురించి రాసిన పాఠాలు, కోడ్లు ఇంకా చక్కర్లు కొడుతూనే ఉన్నాయి, వాటిని పక్కన పెట్టేయండి. అప్పట్లో పాత దృశ్యం కావాలంటే అర్జీ పెట్టి ఎదురుచూడాల్సి వచ్చేది, ఇప్పుడు వెంటనే దిగుతుంది. కాకపోతే ఒక్కో దృశ్యం వందల మెగాబైట్లు. నెట్ నెమ్మదిగా ఉన్నచోట మొత్తం దించకుండా మీ హద్దు వరకే కోసుకోండి.

వరదలప్పుడు సెంటినల్-2 చేతులెత్తేస్తుంది, మబ్బు కమ్మేస్తుంది కాబట్టి. అప్పుడు సెంటినల్-1 రాడార్‌కు మారాలి. అది మబ్బులోంచీ చూస్తుంది, రాత్రీ చూస్తుంది. నిలకడగా ఉన్న నీరు అద్దంలా తరంగాన్ని అవతలికి తోసేస్తుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. వరదకు ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టి కొత్తగా నల్లబడిన చోటు చూడాలి. రెండూ ఒకే కక్ష్య నుంచి తీసినవై ఉండాలి, లేకపోతే చూపు కోణం తేడానే వరదలా కనిపిస్తుంది. గాలికి అలలు లేస్తే నీరు తెల్లబడుతుంది. చెట్ల కింద, ఇళ్ల మధ్య నిలిచిన నీరు నల్లబడకపోగా మరింత మెరుస్తుంది. నున్నటి రన్‌వే, పొడి ఇసుక నల్లగా వచ్చి నీరని భ్రమపెడతాయి. కాబట్టి ఊళ్ల మధ్య నీరు కనిపించలేదంటే లేదని కాదు. సహాయ బృందాలు ఈ పటాన్ని ఎక్కడ మునిగిందో చూడ్డానికి వాడాలే గానీ, ఎక్కడ మునగలేదో తేల్చడానికి కాదు.

ఇంకో బలహీనత, ఉపగ్రహాల లెక్క. 2021 డిసెంబరులో సెంటినల్-1బీ చెడిపోయింది, దాని స్థానంలో సెంటినల్-1సీ పైకి వెళ్లేసరికి 2024 డిసెంబరు అయింది. ఆ మూడేళ్లూ ఒక్క ఉపగ్రహమే మిగలడంతో ఆరు రోజులకోసారి వచ్చేది చాలాచోట్ల 12 రోజులకోసారి అయింది. వరదకు 12 రోజులంటే వచ్చీ పోయే కాలం. డబ్బు కట్టని సేవ కదా, నిలదీయడానికి ఒప్పందమూ లేదు.

చిన్నదే అయినా నాకు అన్నిటికంటే నచ్చింది బ్రౌజర్ లింకు. చోటు, తేదీ, పొర అన్నీ ఆ లింకులోనే ఉంటాయి. చెరువు ఆక్రమణ మీదో, కొట్టేసిన అడవి మీదో వివాదం వస్తే, అవతలివాళ్లకు లింకు పంపితే చాలు, వాళ్ల తెర మీదా అదే దృశ్యం తెరుచుకుంటుంది. బొమ్మ మార్చారనే వాదనకు చోటుండదు. అధికారులు ఇచ్చిన విస్తీర్ణాన్ని విలేకరి, న్యాయవాది, బడిపిల్లలు అదే డేటాతో మళ్లీ కొలుచుకోవచ్చు.

కార్చిచ్చు ఇప్పుడెక్కడ రగులుతోందో తెలుసుకోవాలంటే మాత్రం ఇక్కడికి రావద్దు. నాసా వాళ్ల ఫర్మ్స్ తెరవండి, అదీ ఉచితమే. 375 మీటర్ల పిక్సెల్‌తో, ఉపగ్రహం దాటిన మూడు గంటల్లోపు మంట చుక్కలు పెడుతుంది. చుక్క కనిపించిందంటే 375 మీటర్లూ కాలిందని కాదు, ఆ పరిధిలో ఎక్కడో వేడి ఉందని. మంట ఆరాక ఎంత మేర కాలిందో కొలవడానికి మళ్లీ సెంటినల్-2కే రావాలి. ముందుదీ తర్వాతదీ రెండు తేదీలు తీసుకుని, ఒక్కో తేదీకి 8ఏ, 12 పరారుణ బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగించి, ఆ రెండు ఫలితాల తేడా కట్టండి. పొగ పూర్తిగా తొలగిన తేదీనే ఎంచుకోండి.