ఉమ్మడి డిష్ ఉన్న ఫ్లాట్‌లో రెండు ట్యూనర్ల బాక్సు: ఏ మార్గం మేలు?

ఒక ఛానల్ చూస్తూ మరొకటి రికార్డు చేసుకునేలా రెండు ట్యూనర్లు (ఛానల్‌ను పట్టే భాగాలు) ఉన్న సెట్‌టాప్ బాక్సు కొనాలనుకునేవారు, భవనం పైనున్న డిష్ అందరికీ ఉమ్మడిదైతే, ముందుగా ఆలోచించవలసింది బాక్సు గురించి కాదు, గోడలోంచి తమ ఫ్లాట్‌లోకి వచ్చే ఒకే ఒక్క కేబుల్ గురించి. డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే పరికరమైన యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ నుంచి వచ్చే సిగ్నల్ నాలుగు భాగాలుగా ఉంటుంది. బాక్సు 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు పంపి రెండు ధ్రువణాలలో (తరంగాలు నిలువుగానో అడ్డంగానో కంపించే తీరులో) ఒకదాన్ని, 22 కిలోహెర్ట్జ్ టోన్ పంపి లేదా మాని రెండు బ్యాండ్లలో (ఫ్రీక్వెన్సీ శ్రేణులలో) ఒకదాన్ని కోరుతుంది. డిష్ సిగ్నల్‌ను ఫ్లాట్లన్నింటికీ పంచే మల్టీస్విచ్ అనే పరికరం ఆ ఒక్క భాగాన్నే కేబుల్‌లోకి వదులుతుంది. కాబట్టి స్ప్లిటర్ పెట్టి కేబుల్‌ను రెండుగా చీల్చినా, రెండు ట్యూనర్లకూ ఒకే సమయంలో అందేది ఆ ఒక్క భాగమే. చవక అన్న ఒక్క కారణంతో దాన్ని పోలికలో చేర్చనక్కరలేదు.

మల్టీస్విచ్‌లో ఖాళీ పోర్టు, గోడలోని పైపులో చోటు ఉన్నప్పుడు రెండో కేబుల్ లాగించుకోవడమే సూటి మార్గం. ఇది రెండు కేబుళ్లు అందుకోగల ఏ బాక్సుతోనైనా పనిచేస్తుంది, పొరుగువారి కనెక్షన్ల జోలికి పోనక్కరలేదు. అయితే పాత భవనాలలో ఆ పైపులు చాలావరకు నిండిపోయి ఉంటాయి. నడవా గోడల మీదుగా కేబుల్ లాగితే చూపుకు బాగుండదు, అనుమతీ కావాలి.

అటువంటి చోట మల్టీస్విచ్‌నే మార్చి, యూనికేబుల్ అని పిలిచే పద్ధతికి వెళ్లడం నా దృష్టిలో మేలు. ఇందులో ప్రతి ట్యూనర్‌కూ అదే కేబుల్‌లో విడిగా ఒక ఫ్రీక్వెన్సీ కేటాయిస్తారు. ఈఎన్ 50494 అనే యూరోపియన్ ప్రమాణం ప్రకారం ఒక కేబుల్‌పై 8 ట్యూనర్ల వరకు, దాని తర్వాత వచ్చిన ఈఎన్ 50607 ప్రకారం 32 వరకు నడపవచ్చు. ఖర్చు ఎక్కువే కానీ, మెట్ల పక్క పెట్టెలో ఒక్కసారి మార్చితే ఇతర ఫ్లాట్లకూ ఉపయోగపడుతుంది గనుక దాన్ని పంచుకోమని అడగడం న్యాయమే. పాత బాక్సులున్న ఇళ్లలో టీవీ ఆగిపోకుండా, పాత పద్ధతిలో కూడా సిగ్నల్ ఇవ్వగల మల్టీస్విచ్‌నే ఎంచుకోవాలి. ఒకే కేబుల్ రెండు గదులకు వెళుతుంటే గోడ సాకెట్లు కూడా ఈ పద్ధతికి సరిపడేవై ఉండాలి. మెకానిక్కులు తరచుగా మరిచేది దీన్నే.

బాల్కనీలో సొంత డిష్ పెట్టుకుంటే ఎవరి మీదా ఆధారపడనక్కరలేదు, కానీ ఆ బాల్కనీ ఉపగ్రహం ఉన్న దిక్కుకు, అడ్డు లేకుండా తెరిచి ఉండాలి. అటువంటి ఫ్లాట్లు తక్కువ.

ఏ మార్గానికి మొగ్గినా, ఆర్డరు ఇవ్వకముందే ఇప్పుడున్న మల్టీస్విచ్ మోడల్‌ను భవన నిర్వాహకుల వద్ద, బాక్సు ఏ ప్రమాణాన్ని అంగీకరిస్తుందో దాని తయారీదారు వద్ద కనుక్కోవాలి.