నిద్ర జబ్బు మాత్రలు ఆ వాట్సాప్ నంబరులో కొంటున్నవాళ్ళు ఒక్కసారి ఆగి ఇది చదవండి

మూడు రాత్రుల తర్వాత నిన్న రాత్రి నాలుగు గంటలు నిద్రపోయాను. చేతుల వణుకు ఇంకా పూర్తిగా తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. కోపం చల్లారాక రాద్దువులే అని మా ఆయన అంటున్నారు. చల్లారితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు. ఈలోపు ఇంకెవరో ఆ నంబరుకి డబ్బు పంపేస్తారు.

ఏ నంబరో మీలో చాలామందికి తెలుసు. పర్లాకిమిడి, గుణుపురం, ఇటు పాతపట్నం, టెక్కలి దాకా అందరి ఫోన్లలో తిరుగుతున్న నంబరే. షాపులో దొరకని మందు ఏదైనా సరే రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తానంటాడు. తెలుగూ ఒడియా రెండూ చక్కగా మాట్లాడతాడు. డాక్టర్ చీటీ అడగడు. చీటీ అడగకపోవడం మనకి చేసే సాయం అనుకున్నాను. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ తప్పు నాదే.

నాకున్నది నార్కోలెప్సీ. ఇప్పుడు మా వీధిలో నిద్ర జబ్బు అంటున్నారు, అంతకుముందు బద్ధకం అనేవారు. జాకెట్టు కుడుతూ కుడుతూ మిషన్ మీదే నిద్రలోకి జారిపోయి, సూది వేలి గోరులోంచి దిగిపోయిన రోజున మా ఆయన విశాఖ తీసుకెళ్ళారు. అక్కడ ఒక రాత్రంతా తలకి వైర్లు అంటించి, మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి పరీక్ష చేశారు. మనిషిని మెలకువగా నిలబెట్టే ఒరెక్సిన్ అనే రసాయనం మెదడులో ఉంటుందట, దాన్ని తయారుచేసే కణాలు నాలాంటివాళ్ళకి పోతాయట. గట్టిగా నవ్వితే నా మోకాళ్ళు సడలిపోయేది కూడా అందుకేనని అప్పుడే తెలిసింది. ఆ మాట విని నేను ఏడ్చాను. అన్నాళ్ళూ నా ఒళ్ళు నాకే లొంగదేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

మెలకువగా ఉంచే మోడాఫినిల్ అనే మాత్ర రాశారు. మొదటి వారం 100 మిల్లీగ్రాములు, తర్వాత 200. రోజుకి ఒక్కసారి, పొద్దున్న లేవగానే. డాక్టరమ్మ కాగితం మీద సూర్యుడి బొమ్మ గీసి మరీ చెప్పారు: "పొద్దున్న మర్చిపోయి మధ్యాహ్నం గుర్తొస్తే ఆ రోజుకి వదిలెయ్యమ్మా. మర్నాడు మామూలుగా వేసుకో. రెండు రోజులవి కలిపి వెయ్యకు." ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 15 గంటలు పడుతుందట. మధ్యాహ్నం రెండింటికి వేసుకుంటే మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి కూడా సగం లోపలే ఉంటుంది. ఇంత బాగా విన్నదాన్ని, ఇంత బాగా గుర్తున్నదాన్ని, ఒక ఫోన్ మాట విని మధ్యాహ్నం మాత్ర వేసుకున్నాను.

ఎందుకు వేసుకున్నానో చెప్తాను. మా ఊళ్ళో ఈ మందు దొరకదు. పాతపట్నంలో ఒక షాపు అన్నయ్య నా చీటీ చూసి ప్రతి నెలా తెప్పించి పెడతాడు. ఈ నెల సరుకు రాలేదన్నాడు. ఇంట్లో నాలుగు మాత్రలు మిగిలాయి. పెళ్ళి జాకెట్లు పద్నాలుగు ఒప్పుకుని ఉన్నాను, విశాఖ వెళ్ళిరావడం అంటే రెండు రోజుల పని పోతుంది. ఆ టెన్షన్‌లో ఆ నంబరుకి మెసేజ్ పెట్టాను. ముప్పై మాత్రలకి 2,400 రూపాయలు ముందే ఫోన్‌పేలో వేయించుకున్నాడు.

ఆదివారం సాయంత్రం పార్సిల్ వచ్చింది. బిల్లు లేదు. మందు డబ్బా లేదు, లోపల ఉండే కాగితం లేదు. స్ట్రిప్పులు కత్తెరతో కత్తిరించిన ముక్కలు, ఒక ముక్క మీద గడువు తేదీ ఉంటే ఇంకో ముక్క మీద లేదు. నేను పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివాను, తెలుగు అమ్మ ఇంట్లో నేర్పింది, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. మోడాఫినిల్ అన్న అక్షరాలు కనిపించాయి. దాని ముందున్న "ఆర్" అన్న రెండక్షరాలు నా కంటికి ఆనలేదు. నా చేతికొచ్చింది ఆర్‌మోడాఫినిల్. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఊళ్ళో నేను మింగే మందు మీద నేను చదవగలిగే భాషలో ఒక్క ముక్క లేదు.

250 అన్న అంకె మాత్రం చూశాను. చూసి అడిగాను కూడా. "నాకు 200 కదండీ, ఇది 250 ఉందేమిటి" అని మెసేజ్ పెట్టాను. వాయిస్ పంపాడు, ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది: "రెండూ ఒకటే మందు మేడమ్. ఇది కొంచెం పవర్ ఎక్కువ, అంతే. పొద్దున్న ఒకటి వేసుకోండి. మధ్యాహ్నం మళ్ళీ నిద్ర తూగితే ఇంకో సగం వేసుకోండి. నా దగ్గర అందరూ అలాగే వాడుతున్నారు, ఏమీ కాదు." గొంతులో ఎక్కడా తడబాటు లేదు. రోజూ పది మందికి చెప్పే మనిషి గొంతు. నేను నమ్మాను.

సోమవారం పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం రెండింటికి సగం. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. పని తెమిలింది కదా అని తెల్లవార్లూ కుట్టాను. మంగళవారం తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం. అయినా మళ్ళీ ఒకటిన్నర వేసుకున్నాను. అలవాటు పడాలేమో అనుకున్నాను. ఆ రాత్రి రెండింటికి గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. చేతులు వణుకుతున్నాయి. నోరు ఎండిపోతోంది, ఏదో అయిపోతుందన్న భయం. మా ఆయన లేచి "ఏటే, ఇంకా పడుకోలేదా?" అని చెయ్యి పట్టుకుని చూసి హడలిపోయారు. పాప పక్కన పడుకుని ఉంది. ఆ చీకట్లో దాని మొహం చూస్తూ కూర్చున్నాను. ఈ జబ్బుతో ఇన్నేళ్ళూ నిద్ర ఆపుకోలేక ఏడ్చాను. నిద్ర కోసం ఏడ్చింది అదే మొదటిసారి.

తెల్లారాక ఏడున్నరకి అతనికి ఫోన్ చేశాను. ఈ పోస్టు రాస్తున్నది ఆ ఫోన్ కోసమే.

మూడోసారికి ఎత్తాడు. "రెండు రాత్రులు నిద్ర లేదండీ, గుండె దడగా ఉంది, ఏం చెయ్యమంటారు?" అన్నాను. అతను అన్న మాట అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "నిద్ర రాకూడదనే కదా వేసుకున్నావు? మందు పనిచేస్తోంది."

ఆదివారం దాకా నేను మేడమ్‌ని. డబ్బు పడేవరకు "మీరు", "అండీ". బుధవారం పొద్దున్నకి "నువ్వు" అయిపోయాను. డోసు మీరే చెప్పారు కదండీ అంటే, "నేను డాక్టర్నా? నన్నెందుకు అడిగావు? నీకు ముందే గుండె జబ్బు ఉందేమో, అది తెచ్చి నా మీదకి తొయ్యకు" అన్నాడు. వెనకాల ఎవరో నవ్వుతున్నారు. టీ కొట్టు దగ్గర ఉన్నట్టున్నాడు, గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. నా పక్కన మా ఆయన ఫోన్ లాక్కుని "ఒక్క మాట చెప్పు బాబూ, ఆస్పత్రికి తీసుకెళ్ళాలా?" అని బతిమాలారు. పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవలేదు. వాట్సాప్‌లో అతని ఫోటో మాయమైంది.

మా ఆయన ఎవరినీ బతిమాలే మనిషి కాదు. పన్నెండేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. మందు తేడా చెయ్యడం ఒక ఎత్తు. ఆ గ్లాసుల చప్పుడు మధ్య మా ఆయన చేత అలా బతిమాలించడం నేను ఈ జన్మలో మర్చిపోను.

ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, బీపీ 160కి వెళ్ళింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు స్ట్రిప్పు ముక్క వెలుతురులో పట్టుకుని చదివి, రోజుకి ఎన్ని వేసుకున్నావని ఒడియాలో అడిగాడు. చెప్తే రెండుసార్లు మళ్ళీ అడిగాడు. సాయంత్రం దాకా పడుకోబెట్టి చూసి పంపారు. గుండెకి ఏమీ కాలేదు, భగవంతుడి దయ.

ఆ సాయంత్రం విశాఖ డాక్టరమ్మకి ఫోన్ చేస్తే అరగంట మాట్లాడారు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. మోడాఫినిల్‌లో ఒకే మందు రెండు రూపాల్లో ఉంటుంది, కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ లాగ. అందులో ఒకటి త్వరగా ఒంట్లోంచి పోతుంది, రెండోది ఎక్కువసేపు నిలుస్తుంది. నిలిచేదాన్ని ఒక్కదాన్నే తీసి చేసింది ఆర్‌మోడాఫినిల్. సాయంత్రం అయ్యేసరికి కూడా రక్తంలో ఎక్కువగా ఉంటుంది. అందుకే 200కి పక్కన 250 పెట్టి "కొంచెం పవర్ ఎక్కువ" అనడానికి లేదు, దీని లెక్క దానికి సరిపోదు. నార్కోలెప్సీకి ఆర్‌మోడాఫినిల్ ఇచ్చేది 150 నుంచి 250, అదీ పొద్దున్న ఒక్కసారే. నేను వేసుకున్నది 375. అతను నా చేత ఒక్కరోజులో పెద్ద డోసు దాటించి, పైగా అందులో మూడో వంతు మధ్యాహ్నం మింగించాడు.

డోసు పెంచితే మెలకువ పెరుగుతుందన్నది కూడా నిజం కాదట. మోడాఫినిల్ 400 ఇచ్చి చూసినా 200 కంటే అదనపు మేలు కచ్చితంగా కనబడలేదట, తలనొప్పీ దడా మాత్రం పెరుగుతాయి. లివరు బాగా దెబ్బతిన్నవాళ్ళకి సగం డోసే ఇస్తారు. పెద్ద వయసువాళ్ళకి తక్కువతో మొదలుపెడతారు. ఇవేవీ అతను నన్ను అడగలేదు. నా వయసు కూడా అడగలేదు. నిద్ర పట్టడానికి ఇంకో మాత్ర వేసుకోనా అని నేను అడిగితే డాక్టరమ్మ కేకలేశారు. దాని మీద ఇది వెయ్యొద్దు, టీ కాఫీ మానెయ్యి, నీళ్ళు తాగు, ఒళ్ళు కుదురుకున్నాక నీ పాత 200 మళ్ళీ మొదలుపెడదాం అన్నారు.

ఆడవాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడేవాళ్ళకి ఈ రెండు మందుల్లో ఏది వేసుకున్నా ఆ మాత్రల బలం తగ్గిపోతుంది. మందు ఆపేసిన తర్వాత కూడా ఒక నెల దాకా వేరే జాగ్రత్త తీసుకోవాలి. నాకు ఇది విశాఖలో మొదటి రోజే చెప్పారు. ఆ నంబరు దగ్గర కొన్న ముగ్గురు అమ్మాయిలని నిన్న నేను అడిగాను, ఒక్కరికీ తెలియదు. ఒంటి మీద దద్దుర్లు లేస్తే, నోట్లో పుండ్లు పడితే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి. అది అరుదే కానీ వస్తే ప్రాణం మీదకి తెచ్చే రకం ఉంది.

ఇంకా బాధేమిటంటే ఆ ముగ్గురిలో ఇద్దరికి అసలు జబ్బే లేదు. పోటీ పరీక్షలకి చదువుకుంటున్నారు. "నిద్ర రాని చదువు మాత్ర" అని స్టేటస్ పెట్టి అమ్ముతున్నాడు. ఇంటర్ చదివే పిల్లాడికి కూడా ఇచ్చాడని విన్నాను. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి వాడకూడని మందు ఇది. అమ్మానాన్నలూ, మీ పిల్లల పుస్తకాల సంచిలో కత్తిరించిన స్ట్రిప్పు ముక్క కనబడితే దయచేసి తిట్టకుండా అడగండి. వాళ్ళని కూడా "మేడమ్", "సార్" అనే పిలిచి ఉంటాడు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి: బిల్లు, పూర్తి స్ట్రిప్పు, మందు పేరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా, పక్కన అంకె. చీటీతో ఒక్కొక్క అక్షరం పోల్చండి, ఇంగ్లీషు రాకపోతే చదివే పిల్లల చేత పోల్పించండి. ఏ ఒక్కటి తేడా ఉన్నా వేసుకోకుండా మీ డాక్టరుకి ఫోటో పంపండి. డోసు గురించి అమ్మేవాడిని అడగకండి. డబ్బు పోతే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి, నేను చేశాను.

పాతపట్నం షాపు అన్నయ్య ఈ మధ్యాహ్నం ఫోన్ చేశాడు, సరుకు వచ్చిందట. నాలుగు రోజులు ఆగి ఉంటే చాలు. మిగిలిన 27 మాత్రలూ ఆ వాయిస్ మెసేజూ దాచి ఉంచాను, సోమవారం మా ఆయనా నేనూ డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి తీసుకెళ్తున్నాం. అతని దగ్గర కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మీ స్ట్రిప్పులు పారెయ్యకండి. మాతో రాండి.