వర్చువల్ ఫంక్షనా, వేరియంటా: ఏది మేలు?

సీ ప్లస్ ప్లస్‌లో బేస్ క్లాస్ (మిగతా క్లాసులకి మూలం) పెట్టి వర్చువల్ ఫంక్షన్లు (ఆ క్లాసులు తమ పద్ధతిలో తిరగరాసుకోగలిగేవి) రాయాలా, 2017 నుంచి ఉన్న వేరియంట్ (ముందే చెప్పిన రకాల్లో ఏదో ఒకటి పట్టుకునే పెట్టె) వాడాలా అని జూనియర్లు తెగ అడుగుతున్నారు. అందరి మొదటి టెన్షన్ స్పీడే. వర్చువల్ అయితే ఒక్కో ఆబ్జెక్టుకి మామూలుగా ఒక పాయింటర్ (మెమరీ చిరునామా) అదనం, 64 బిట్ మెషీన్‌లో 8 బైట్లు, పైగా పిలిచినప్పుడల్లా ఏ ఫంక్షన్ నడపాలో టేబుల్ చూసుకుని వెళ్లాలి. వేరియంట్‌లో ఆ పాయింటర్ ఉండదు గానీ, లోపల ఏ రకం ఉందో చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది, దాన్ని చూసుకునే వెళ్లాలి, పైగా అన్నిట్లోకి పెద్ద రకానికి ఎంత చోటు కావాలో చిన్నదానికీ అంత పడుతుంది. లక్షల సార్లు తిరిగే లూపు అయితే తప్ప దీని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

నేను చూసేది ఒకటే, రేపు పెరిగేది రకాలా, వాటి మీద చేసే పనులా? మన కోడ్ ముట్టుకోకుండా బయటివాళ్లు కొత్త రకాలు రాసి తగిలించుకోవాలంటే (ప్లగిన్లు అలాంటివే) వర్చువలే దిక్కు. రకాలు నాలుగైదు దగ్గర ఆగిపోయి, వాటికి ప్రింట్, రిఫండ్, రిపోర్ట్ అంటూ పనులు వచ్చిపడుతుంటే వేరియంట్ హాయి.

మొన్న సరదాగా బస్సు టికెట్ల ప్రోగ్రాం ఒకటి రాశాను. బేస్ క్లాస్‌లో చార్జీ ఫంక్షన్ ఫుల్ టికెట్ లెక్క వేస్తుంది, దాని చివర కాన్‌స్ట్ (ఆబ్జెక్టుని మార్చనని మాటిచ్చే పదం) ఉంది. పిల్లల టికెట్ క్లాస్‌లో ఆ కాన్‌స్ట్ మర్చిపోయాను. ఇంకేముంది, కంపైలర్ దాన్ని వేరే ఫంక్షన్ కింద జమకట్టి ఊరుకుంది, హాఫ్ టికెట్‌కి ఫుల్ చార్జీ పడింది, నేనేమో రెండు రోజులు గుణకారాల్లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాను! పక్కన ఓవర్‌రైడ్ (బేస్ క్లాస్ ఫంక్షన్‌నే తిరగరాస్తున్నానని చెప్పే పదం) అని రాసి ఉంటే కంపైల్ చేయగానే దొరికిపోయేది. ఆ మాట 2011 నుంచీ ఉంది, బద్ధకం నాది.

తర్వాత అదే ప్రోగ్రాంని వేరియంట్‌కి మార్చాను. స్టూడెంట్ పాస్ అని కొత్త రకం చేర్చగానే విజిట్ (వేరియంట్‌లో ఏ రకం ఉందో చూసి దానికి తగ్గ కోడ్ నడిపేది) రాసిన ప్రతిచోటా కంపైలర్ ఆపేసింది. ఎర్రర్ మెసేజీ మూరెడు పొడుగుంటుంది నిజమే, కానీ ఏ ఒక్కచోటూ మర్చిపోనివ్వదు. ఆటోతో (ఏ రకమైనా సరే అనే పదం) లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) పెట్టి ‘మిగతావన్నీ ఇటే’ అన్నారో, ఆ కాపలా పోయినట్టే.

టెంప్లేట్లతో (ఏ రకానికైనా పనికొచ్చే కోడ్ అచ్చులు) కూడా చేయొచ్చు గానీ, అన్ని రకాల్నీ ఒకే వెక్టర్‌లో (జాబితాలో) పెట్టాలంటే మళ్లీ మొదటికే వస్తారు.

వర్చువల్ వైపే వెళ్తే మాత్రం బేస్ క్లాస్ డిస్ట్రక్టర్ (ఆబ్జెక్టు పోయేటప్పుడు శుభ్రం చేసే ఫంక్షన్) కూడా వర్చువల్‌గా పెట్టండి, లేకపోతే బేస్ పాయింటర్‌తో డిలీట్ చేసినప్పుడు ఏం జరుగుతుందో భాషే హామీ ఇవ్వదు.