శిల్పారామం స్టాలా, తిరుచానూరు ఉత్సవాల బాటా?

చేత్తో వేసిన కలంకారీ అమ్మడానికి మాకు తిరుపతిలో రెండు చోట్లున్నాయి. ఒకటి తిరుచానూరు రోడ్డులోని శిల్పారామం, రెండోది కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు అమ్మవారి గుడికి వెళ్లే బాట.

ఉత్సవాల తొమ్మిది రోజులూ జనమే జనం. చివరి రోజు, పంచమి తీర్థం స్నానాలప్పుడైతే నిలబడే చోటుండదు. కానీ వాళ్లు దర్శనం కోసం వచ్చినవాళ్లు, చేతిలో సంచులు, చంకలో పిల్లలు. చీర విప్పి చూసే తీరిక ఎక్కడ? చిన్న గుడ్డ సంచులు, అరచేతంత అమ్మవారి బొమ్మలే పోతాయి. పైగా నవంబరు అంటే మనకు వానాకాలమే. మొన్నొకసారి పట్ట కప్పేలోపే రెండు దుప్పట్టాలు తడిసిపోయాయి, ఆ రాత్రంతా నిద్ర లేదు.

శిల్పారామంలో మనుషులు తక్కువే, కానీ ఆగుతారు. "ఇది ప్రింటా?" అని అడిగితే నేను వెదురు కలం తీస్తాను. బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిం కారం అనే రంగులో ముంచి, కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ మీద ఒక గీత గీస్తాను. లేతగా పడిన గీత కళ్ల ముందే నల్లబడుతుంది. అది చూశాక ఎవరూ గీచిగీచి బేరమాడరు. ఆ గీతే నాకు బోర్డు, ప్రచారం అన్నీ.

చీరలు, గోడకు వేసే పెద్ద బొమ్మలు ఉంటే శిల్పారామమే మేలు, స్టాలు అద్దె ఉన్నా సరే. చిల్లర సరుకుంటే ఉత్సవాలకు వెళ్లండి, మందపాటి పట్ట మాత్రం మరవకండి.