హై వికమ్‌లో ఒక రాత్రి, పంక్ జాడ కోసం

విజయవాడ నుంచి లండన్ చూడడానికి వచ్చిన మా బావమరిదిని శనివారం పొద్దున్నే లేపి, లండన్‌కు దగ్గరలోని హై వికమ్ అనే ఊరికి బయలుదేరదీశాను. "అక్కడ ఏముంది బావా?" అన్నాడు. పంక్ అనే మొరటు రాక్ సంగీతం వాయించే సెక్స్ పిస్టల్స్ బృందం కచేరీ 1976లో అక్కడి ఒక పబ్బులో జరిగిందని చెప్పాను. "ఇప్పుడు?" "ఇప్పుడు జరగదు." అతను టీ కప్పు కింద పెట్టి నా వంక చూసిన చూపును ఇదివరకు మా అక్క, ఇంట్లో లేని కుక్కర్ మూత కోసం వెతికేటప్పుడు మాత్రమే చూశాను.

ముందు రాత్రి అతన్ని ఆక్స్‌ఫర్డ్ వీధిలోని 100 క్లబ్‌కు తీసుకెళ్లాను కాబట్టి సగం కథ అతనికి తెలుసు. మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్తే ఎర్ర గోడలు, వాటి నిండా పాత ఫొటోలు, మధ్యలో అడ్డం వచ్చే స్తంభాలు. వేదిక పొడవైన గోడకు ఆనుకొని ఉంటుంది. అందువల్ల గదికి రెండు చివర్లా నిలబడ్డవాళ్లు పక్కకు తిరిగి చూడాల్సిందే. కాస్త ముందుగా వెళ్లి స్తంభం అడ్డురాని చోటు చూసుకోండి, మిగతా విషయాల్లో వంక పెట్టడానికేమీ లేదు. 1942 నుంచి ఆ గదిలో సంగీతం నడుస్తోంది. 1976 సెప్టెంబరు 20, 21 తేదీల్లో పంక్ ఉత్సవం జరిగింది ఇక్కడే. రెండో రాత్రి ఎవరో విసిరిన గ్లాసు పగిలి ఒక అమ్మాయి కంటికి గాయమైంది, ఆ తరువాత కొన్నేళ్లపాటు క్లబ్ పంక్ బృందాలను రానివ్వలేదు. ఆ ఉత్సవాన్ని ఏర్పాటు చేసిన మనిషి రాన్ వాట్స్. హై వికమ్‌లో నాగ్స్ హెడ్ అనే పబ్బులో కచేరీలు పెట్టించినదీ ఆయనే. లండన్‌కు వచ్చే పర్యాటకులు 100 క్లబ్ చూసి వెనుదిరుగుతారు. నాకు మాత్రం కథకు రెండో కొస అటు ఉందనిపిస్తుంది.

ప్రయాణం సులువు. మేరిల్‌బోన్ స్టేషన్‌లో రైలు ఎక్కితే ముప్పావు గంటలోపే దించేస్తుంది. వారాంతాల్లో పట్టాల మరమ్మతులుంటాయి, బయలుదేరే ముందు వేళలు చూసుకోండి. బీకన్స్‌ఫీల్డ్ దాటాక కిటికీలోంచి తల ఎత్తి చూస్తే తోక చీలిన ఎర్ర గద్దలు కనిపిస్తాయి. ఇంగ్లాండులో పూర్తిగా అంతరించిపోయిన ఆ పక్షులను 1989 నుంచి చిల్టర్న్ కొండల్లో మళ్లీ తెచ్చి వదిలారు. బావమరిది ఆ రోజు మనస్ఫూర్తిగా మెచ్చుకున్న మొదటి విషయం అదే.

స్టేషన్ నుంచి ఊరు లోయలోకి దిగుతుంది. ముందుగా విశ్వవిద్యాలయం వైపు నడిచాం. అప్పట్లో అది కాలేజీ. 1976 ఫిబ్రవరి 20, శుక్రవారం రాత్రి అక్కడ స్క్రీమింగ్ లార్డ్ సచ్ అనే రాక్ గాయకుడి కచేరీ. ఆయన కంటే ముందు ఆడినవాళ్లు సెక్స్ పిస్టల్స్, అప్పటికి వాళ్ల పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. పత్రికలో వాళ్ల గురించి వచ్చిన ఒక్క సమీక్ష చదివి, మాంచెస్టర్ దగ్గరి బోల్టన్‌లో చదువుకుంటున్న హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ కారులో 250 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చారు. ఈ ఊళ్లో చూసి ఊరుకోక, మరునాడు వెల్విన్ గార్డెన్ సిటీలోనూ చూశారు. తిరిగి వెళ్లి బజ్‌కాక్స్ బృందం పెట్టారు, జూన్ 4న పిస్టల్స్‌ను మాంచెస్టర్‌కు రప్పించారు. ఆ జూన్ కచేరీ గురించి ఎందరో రాశారు. దానికి విత్తనం పడింది మాత్రం కుర్చీల తయారీకి పేరుమోసిన ఈ ఊళ్లో. గేటు బయట నిలబడి ఇదంతా చెప్తుంటే పక్కనుంచి వెళ్తున్న విద్యార్థులు మమ్మల్ని దారి తప్పిన తల్లిదండ్రులనుకున్నారు.

ఆ రాత్రి కాలేజీలో ఉన్నవాళ్లలో రాన్ వాట్స్ ఒకరు. నాగ్స్ హెడ్‌లో ఆయన చాలాకాలంగా బ్లూస్ కచేరీలు నడుపుతున్నారు. 1976 సెప్టెంబరు 2, గురువారం నాడు ఆ పబ్బులో పిస్టల్స్ ఆడారు. మరునాడు వాళ్ల ప్రదర్శన పారిస్‌లో. హై వికమ్ పబ్బు నుంచి పారిస్‌కు ఒక్క రాత్రి దూరం! అప్పటికి వాళ్ల రికార్డు ఒక్కటీ రాలేదు. తొలి రికార్డు నవంబరు 26న వచ్చింది. డిసెంబరు 1న టీవీలో బూతులు మాట్లాడాక దేశమంతా గగ్గోలు పుట్టింది. 20 వరకు అనుకున్న ఆ నెల ప్రదర్శనల్లో చివరికి జరిగినవి 7 మాత్రమే. పురపాలక మందిరంలో ఆడాలంటే పురపాలక సంఘం ఒప్పుకోవాలి, పబ్బు గదికైతే యజమాని ఒప్పుకుంటే చాలు. పంక్ బతికిబట్టకట్టడానికి ఆ తేడా చాలా సాయపడిందని నా నమ్మకం. పైగా పబ్బులో వేదిక ఎత్తు తక్కువ. పాడేవాడి చెమట మీద పడేంత దగ్గరలో నిలబడి చూసిన కుర్రాడికి "ఇది నేనూ చేయగలను" అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

లండన్ రోడ్డు వెంట నడుస్తూ ఆ చోటు కోసం వెళ్లాం. ఫొటో తీసుకోవాలని ఆశ పెట్టుకుంటే నిరాశే మిగులుతుంది, అక్కడ కచేరీలు ఆగిపోయి చాలాకాలమైంది. ఆగకుండా పోయే కార్లు, ఎదుట రై అనే పచ్చిక మైదానం, నీటితో తిరిగే పాన్ మిల్ మర. పది నిమిషాలు చాలు. ఆ రాత్రి చూసినవాళ్లు మాత్రం ఈ రోడ్డు మీదే చెవులు గింగురుమంటుండగా ఇళ్లకు నడిచి ఉంటారు.

స్టేషన్‌కు దగ్గరలోని వికమ్ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు. విండ్సర్ కుర్చీలు, వాటి కాళ్లను బీచ్ అనే చెట్ల అడవుల్లోనే చెక్కిన పనివాళ్ల సామగ్రి చూడదగ్గవి. ఈ ఊళ్లో ఒక వింత ఆచారం ఉంది. ఏటా మే నెలలో మేయర్‌ను నడివీధిలో త్రాసులో తూస్తారు. ఏడాదిలో బరువు పెరిగితే ప్రజల సొమ్ము తిని లావెక్కాడని అరుస్తారు. "మనవాళ్లు తులాభారం వేస్తే దేవుడికి బెల్లం దక్కుతుంది, ఇక్కడ మేయర్‌కు తిట్లు దక్కుతాయన్నమాట" అన్నాడు బావమరిది. ఈ ఊరికి పంక్ ఎందుకు నచ్చిందో అప్పుడు కాస్త అర్థమైంది.

భోజనానికి డెస్‌బరో రోడ్డుకు వెళ్లండి. పాకిస్తానీ మూలాలున్న కుటుంబాలు ఈ ఊళ్లో తరతరాలుగా ఉన్నాయి, అక్కడి రొట్టె, మాంసం కూర మా ఇద్దరికీ కడుపు నింపాయి. అన్నం, పప్పుచారు కోసం చూస్తే ఆకలితో ఉంటారు. సమయం ఉంటే వెస్ట్ వికమ్ సుద్దగుహలకు బస్సులో వెళ్లవచ్చు. మేం వెళ్లలేదు.

రాత్రి బస విషయంలో తప్పటడుగు వేశాను. స్టేషన్ పక్కనే కదా అని తీసుకున్న చిన్న హోటల్ (పేరెందుకు లెండి) కొండ ఎక్కాక వచ్చింది. వేడినీళ్లు రాలేదు. చెప్తే "పది నిమిషాలు" అన్నారు, ఆ పది నిమిషాలు తెల్లవారినా పూర్తి కాలేదు. కుర్చీలకు పేరుమోసిన ఊళ్లో మా గదిలో ఉన్న ఒకే ఒక కుర్చీకి ఒక కాలు పొట్టి. పెద్ద హోటళ్లలో గది ముందుగా తీసుకోండి, లేదా రాత్రి రైలుకే వెనక్కి వెళ్లిపోండి.

అయినా మేం ఉండిపోయింది ఊళ్లోని మరో పబ్బులో ముగ్గురు కుర్రాళ్ల కచేరీ కోసం. నలభై మంది కూడా లేరు. డ్రమ్ములు వాయించే పిల్లవాడి చొక్కా వెనుక పిన్నీసులు, అతని ముందు వరుసలో చేతిసంచితో వాళ్లమ్మ. మూడో పాటలో తీగ తెగితే, కొత్త తీగ బిగించేవరకు ఆమే జోకులు చెప్పి నవ్వించింది. బావమరిది రెండు చెవుల్లో దూది పెట్టుకుని చివరి పాట దాకా నిలబడ్డాడు.

గదికి తిరిగొచ్చాక ఆ కచేరీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీ పొట్టికాలు కింద దోపాను. పొద్దున గది ఖాళీ చేసేటప్పుడు తీసుకోవడం మరిచిపోయాను.