‘యూరప్ డ్రైవింగ్ కిట్’: జాకెట్లు సర్దుకోండి, మిగతాది ఇంట్లోనే ఉంచండి

యూరప్ వెళ్లి అద్దె కారు నడిపేవాళ్ల కోసమంటూ ఆన్‌లైన్‌లో ఒక జిప్పు సంచి అమ్ముతున్నారు. హైదరాబాద్‌కు రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. అందులో ఒక హెచ్చరిక త్రికోణం, రెండు మెరిసే జాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ పౌచ్, ఆల్కహాల్ చూసుకోవడానికి ఊదే గొట్టాలు రెండు, విడి బల్బులు, హెడ్‌లైట్ల మీద అంటించే స్టిక్కర్లు, కారు ఏ దేశానిదో చెప్పే ‘జీబీ’ (గ్రేట్ బ్రిటన్) అని రాసిన అయస్కాంతం ఉంటాయి. చూడగానే తెలిసిపోతుంది, ఈ జాబితా మనకోసం రాసింది కాదు. ఇంగ్లండ్‌లో సొంత కారున్నవాళ్లు సముద్రం దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్లేటప్పుడు పెట్టుకునే సామాను ఇది. శంషాబాద్‌లో విమానమెక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ప్యారిస్‌లోనో దిగి, అక్కడి నంబరు ప్లేటున్న కారు తీసుకునేవాళ్లకు ఇందులో సగానికి పైగా లగేజీ బరువే.

డబ్బుకు తగిన వస్తువు జాకెట్ ఒక్కటే. ఫ్రాన్స్‌లో కారు ఆగిపోయి దిగాల్సి వస్తే జాకెట్ వేసుకునే దిగాలి. జాకెట్ లేకపోయినా, త్రికోణం లేకపోయినా జరిమానా 135 యూరోలు. జర్మనీలో 2014 జులై 1 నుంచి కారులో జాకెట్ తప్పనిసరి. రెండు చోట్లా చట్టం అడిగేది కారుకు ఒకటే. అద్దె కార్లలో కూడా ఎక్కువగా ఒకటే పెడతారు. నలుగురున్న కుటుంబం హైవే పక్కన నిలబడాల్సి వస్తే మిగతా ముగ్గురి సంగతేంటి? అందుకే మనిషికొకటి పట్టుకెళ్లడం మేలు. మడిస్తే చొక్కా కంటే తక్కువ చోటు తీసుకుంటుంది.

అయితే సంచిలో వచ్చే జాకెట్లన్నీ ఒక్కలాంటివి కావు. లోపలి లేబుల్ మీద ఈఎన్ ఐఎస్ఓ 20471 (ఇలాంటి మెరిసే దుస్తుల ప్రమాణం), క్లాస్ 2 అని ఉండాలి. ఆ క్లాసుకు కనీసం 0.50 చదరపు మీటర్ల మెరుపు రంగు గుడ్డ, 0.13 చదరపు మీటర్ల రిఫ్లెక్టివ్ టేపు కావాలి. టేపు వెడల్పు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. చవక రకాల్లో టేపుకు బదులు బూడిదరంగు పట్టీ అచ్చేసి ఉంటుంది, చీకట్లో అది వెలగదు. లైట్లు ఆర్పి, నాలుగైదు మీటర్ల దూరం నుంచి ఫోన్ ఫ్లాష్‌తో ఫోటో తీస్తే తేలిపోతుంది. అసలు టేపు ఫోటోలో తెల్లగా భగ్గుమంటుంది, అచ్చు పట్టీ బూడిదగానే ఉంటుంది. రాణిగంజ్‌లో సేఫ్టీ సామాను అమ్మే షాపుల్లో లేబుల్ చూసి విడిగా కొనుక్కుంటే సంచి అవసరమే ఉండదు. ఇంకో మాట: జాకెట్ చోటు డిక్కీ కాదు, సీటు పక్కన. దిగకముందే వేసుకోవాల్సినదాన్ని డిక్కీలో దాస్తే ఏం లాభం?

త్రికోణం మోసుకెళ్లక్కర్లేదు, అద్దె కారులో ఉంటుంది. సంచిలోది ఉంచుకోవాలనుకుంటే వృత్తంలో ‘ఈ’ అక్షరం, పక్కన అంకె, దాంతోపాటు 27ఆర్ అన్న గుర్తు ఉందో లేదో చూడండి. ఆ గుర్తు లేని తేలికరకం త్రికోణాలు లారీ పక్కనుంచి వెళ్తే పడిపోతాయి. ఆగిన కారుకు ఎంత దూరంలో త్రికోణం పెట్టాలన్నది కూడా దేశాన్నిబట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో కనీసం 30 మీటర్లు. జర్మనీలో వాహనాలు వేగంగా వెళ్లే రోడ్డు మీద సుమారు 100 మీటర్లు. బ్రిటన్‌లో 45 మీటర్లు, మోటార్‌వే మీద మాత్రం అసలు పెట్టకూడదు. స్పెయిన్‌లో అక్కడ రిజిస్టరైన కార్లకు 2026 జనవరి 1 నుంచి త్రికోణాల స్థానంలో కారు పైకప్పు మీద పెట్టే వీ-16 దీపం వచ్చింది. అది కారులో ఉందో లేదో తాళాలు తీసుకునేటప్పుడే అడగండి.

ఫస్ట్ ఎయిడ్ పౌచ్‌లో నాలుగు బ్యాండేజీలు, ఒక దూది చుట్ట ఉంటే జర్మనీ లెక్కలోకి రాదు. అక్కడ కారులో ఉండాల్సింది డిన్ 13164 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం సర్దిన పెట్టె. 2022 ప్రమాణంలో రెండు మాస్కులు కూడా చేరాయి. ఆస్ట్రియాలోనూ ఫస్ట్ ఎయిడ్ పెట్టె తప్పనిసరి. ఇది కూడా అద్దె కారులోనే ఉంటుంది. లేకపోతే కౌంటర్‌లో అడిగి పెట్టించుకోవాలి, ఎందుకంటే రోడ్డు మీద పోలీసు అడిగేది డ్రైవర్‌నే.

మిగతావాటి గురించి ఒక్కో మాట చాలు. ఊదే గొట్టాల నిబంధన ఫ్రాన్స్‌లో 2012లో వచ్చింది, లేకపోతే జరిమానా అన్నది ఎన్నడూ అమలు కాలేదు, 2020లో నిబంధననే ఎత్తేశారు. అమ్మేవాళ్లు ఇంకా ‘తప్పనిసరి’ అని రాస్తున్నారు. ఎల్‌ఈడీ హెడ్‌లైట్లకు విడి బల్బులు ఎక్కవు. హెడ్‌లైట్ స్టిక్కర్లు ఎడమవైపు నడిచే దేశపు కారును కుడివైపు నడిచే దేశంలోకి తీసుకెళ్లేవాళ్లకు. ‘జీబీ’ గుర్తు 2021 సెప్టెంబర్ 28 నుంచి బ్రిటన్ కార్లకే చెల్లదు, ఇప్పుడు ‘యూకే’ అని ఉండాలి.

కొన్ని సంచుల్లో మంటలార్పే చిన్న స్ప్రే, టైరులో గాలి నింపే డబ్బా కూడా పెడుతున్నారు. గ్యాస్ నింపిన ఈ డబ్బాలను విమానంలో ఒప్పుకోరు. చెకిన్ బ్యాగులో పెట్టినా స్కానింగ్‌లో తీసేస్తారు.

సంచిలో లేనిదీ, నిజంగా కావాల్సిందీ పిల్లల సీటు. జర్మనీలో 12 ఏళ్లలోపు, 150 సెంటీమీటర్లలోపు పిల్లలకు అది ఉండాల్సిందే. ఫ్రాన్స్‌లో 10 ఏళ్లలోపు వాళ్లకు. ఇంటి నుంచి తీసుకెళ్తే సీటు మీద ఆర్44/04 లేదా ఆర్129 అనే భద్రతా ప్రమాణం గుర్తుండాలి. ఆర్44 సీట్ల అమ్మకం యూరోపియన్ యూనియన్‌లో 2024 సెప్టెంబర్ 1 నుంచి ఆగింది గానీ, ఉన్నవాటిని వాడుకోవచ్చు.

ఇక ఐడీపీ, అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ప్రైవేటు వెబ్‌సైట్లో డబ్బు కడితే ఇంటికొచ్చే ‘ఇంటర్నేషనల్ లైసెన్స్’ కార్డులు చెల్లవు. లైసెన్స్, పాస్‌పోర్టు, వీసా కాగితాలతో ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో తీసుకున్నదే అసలుది. గడువు ఏడాది. ఒరిజినల్ లైసెన్స్ పక్కన లేకుండా అదొక్కటీ చూపిస్తే కుదరదు.

ఫోన్ కూడా ఒకసారి చూసుకోండి. స్పీడ్ కెమెరా ఎక్కడుందో ముందే చెప్పే యాప్‌ను డ్రైవర్ వాడటం జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో నిషిద్ధం. మన దగ్గర అలవాటుగా ఆన్‌లో ఉండే ఆ అలర్టును విమానం దిగగానే ఆపేయాలి.