అద్దె లేని ‘లీజు ఫ్లాట్’ పేరుతో లక్షలు కట్టించుకుంటున్నారు, హైదరాబాద్‌లో ఇల్లు వెతికేవాళ్లు జాగ్రత్త

"నెలనెలా అద్దె గొడవే లేదు, ఒక్కసారి 12 లక్షలు కట్టండి, రెండేళ్లు ఉండండి, ఖాళీ చేసిన రోజు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం" అని ఎవరైనా అంటే, ఆ అనేది ఇంటి ఓనర్ కాకుండా "ఓనర్ తరఫున అన్నీ మేమే చూసుకుంటాం" అనే మధ్యలో ఆఫీసు అయితే, అడ్వాన్స్ కూడా ఇవ్వకుండా లేచి వచ్చేయండి. మా డబ్బు అలాగే ఇరుక్కుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో రెండు కుటుంబాలు ఇదే ఆఫీసుకి కట్టాయి. కంప్లయింట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయను. రాసినా పెద్ద ఉపయోగం లేదు, వాళ్ల ఆఫీసు గుమ్మం మీద ఇప్పుడు వేరే బోర్డు ఉంది.

వాళ్లు చేసేది ఇదీ. ముందు ఓనర్ దగ్గరికి వెళ్లి "మీ ఫ్లాట్ మాకు అప్పగించండి, కిరాయికి ఎవరున్నా లేకున్నా నెలకి 22 వేలు మీ అకౌంట్‌లో పడతాయి" అంటారు. ఆయనతో ఒక అగ్రిమెంట్. తర్వాత అదే ఫ్లాట్ మనకి లీజు అని చూపించి లక్షలు తీసుకుంటారు. మనతో ఇంకో అగ్రిమెంట్. ఓనర్‌కి మనం కట్టిన లక్షల సంగతి తెలియదు, మనకి ఆయనకి ఇచ్చిన నెల అద్దె మాట తెలియదు. రెండేళ్లకి ఓనర్‌కి ఇవ్వాల్సిందే 5 లక్షల 28 వేలు. అది పోగా మిగిలిన డబ్బుతో మళ్లీ మనకి 12 లక్షలు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తారు? కొత్తగా చేరినవాళ్ల డబ్బు తెచ్చి ఇవ్వాలి. కొత్తవాళ్లు రావడం తగ్గగానే ముందు ఆగిపోయేది ఓనర్‌కి వెళ్లే అద్దె.

మాకు సంగతి తెలిసింది కూడా అలాగే. ఓనర్ రిటైరైన పెద్దాయన, ఒకరోజు పొద్దున్నే వచ్చి మా ఆవిడతో "నాలుగు నెలలైంది, అద్దె ఎందుకు ఆపేశారమ్మా" అన్నారు. ఏజెన్సీ వాళ్లు ఆయనకి మేమే కట్టడం లేదని చెప్పారట! ఇద్దరి అగ్రిమెంట్లూ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చదివాం. ఆయన దాంట్లో "నెల అద్దెకు మాత్రమే ఇవ్వాలి, రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోరాదు" అని స్పష్టంగా ఉంది. మా దాంట్లో ఓనర్ పేరు ఉంది, సంతకం లేదు, ఆ గీత మీద ఏజెన్సీ రబ్బరు స్టాంపు కొట్టి ఉంది. స్టాంపు పేపర్ పైన ఎవరి కోసం కొన్నారో రాసే చోట కూడా ఏజెన్సీ పేరే. ఇల్లు చూసేటప్పుడు టైల్స్ చూస్తాం, బాల్కనీ చూస్తాం, ఆ నాలుగు లైన్లు ఎవరు చదువుతారు చెప్పండి. మీరు చదవండి.

ఇక చట్టం సంగతి, ఎందుకంటే "నోటరీ చేయించాం సార్, పక్కా" అనే మాట దగ్గరే చాలామంది పడిపోతున్నారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఏడాదికి మించిన లీజు ఏదైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాల్సిందే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107 కూడా అదే చెబుతుంది. నోటరీ ముద్ర దానికి బదులు కాదు. రెండేళ్ల లీజుని వంద రూపాయల స్టాంపు మీద రాసి నోటరీ చేయిస్తే, ఆ కాగితం చూపించి "ఈ షరతులు అమలు చేయించండి" అని కోర్టులో అడగడం కుదరదు. డబ్బు కట్టాం అనడానికి మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది, అందుకే క్యాష్ ఇవ్వకండి, "సగం క్యాష్ అయితే తగ్గిస్తాం" అన్నా సరే. పైగా అద్దె లేకుండా, ఇచ్చిన డబ్బు వడ్డీకి బదులుగా ఇంట్లో ఉండటం అంటే మన పెద్దవాళ్లు భోగ్యం అనేదే, చాలాసార్లు అది తనఖా కిందికే వస్తుంది. అలాంటి తనఖా 100 రూపాయలు దాటితే చాలు, ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ కావాలి, రాసివ్వాల్సింది ఓనర్. ఆయన రాసి రిజిస్టర్ చేస్తే ఈసీలో (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కనిపిస్తుంది. మధ్యవాడు ఎంత మంచి పెన్నుతో సంతకం పెట్టినా కనిపించదు.

ఓనర్ అమెరికాలో ఉన్నాడు, జీపీఏ (ఆయన తరఫున పనులు చేయడానికి రాసిచ్చిన అధికార పత్రం) మా దగ్గరుంది అంటారు. సరే, చూపించమనండి. విదేశంలో రాసిన జీపీఏ ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. చూపించాక అందులో అద్దెకిచ్చే అధికారం ఒక్కటే ఉందా, లక్షల్లో డబ్బు తీసుకునే అధికారం కూడా ఉందా అన్నది వరసగా చదవండి. ఓనర్‌తో ఒక్క వీడియో కాల్ మాట్లాడించమంటే "సార్ బిజీ" అంటే ఇంక మాటల్లేవు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీద పేరు, ఈ మూడూ కలవాలి (కరెంటు మీటర్ ఇంకా బిల్డర్ పేరు మీదే ఉన్న ఫ్లాట్లు బోలెడు, దాన్ని బట్టే భయపడక్కర్లేదు). వాచ్‌మన్‌ని కూడా పక్కకి తీసుకెళ్లి అడగండి, ఈ ఫ్లాట్‌కి ముందున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారని. మా వాచ్‌మన్‌కి మొత్తం తెలుసు, "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు.

ఇప్పటికే కట్టేసినవాళ్లకి కొన్ని మాటలు. ఓనర్ వచ్చి గొడవ చేసినా టెన్షన్‌లో రాత్రికి రాత్రి ఖాళీ చేయకండి. కోర్టు ద్వారా తప్ప తాళాలేసి, సామాను బయటపడేసి పంపడం ఓనర్‌కైనా కుదరదు. అలా బలవంతంగా పంపేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల్లోపు దావా వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. కానీ ఎవరో చెప్పారని రెంట్ కంట్రోల్ కోర్టు చుట్టూ తిరగకండి. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెలకి వర్తించదు, మన ఫ్లాట్లన్నీ దాని బయటే. 2021 మోడల్ టెనెన్సీ చట్టంలో డిపాజిట్ రెండు నెలలే అని ఉంది కదా అంటారు, అది కేంద్రం ఇచ్చిన నమూనా, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది.

పోలీస్ స్టేషన్‌లో మొదట వినిపించే మాట "ఇది సివిల్ మ్యాటర్". అప్పుడు రెండు అగ్రిమెంట్లూ ముందు పెట్టండి. ఓనర్‌కి ఒకటి చెప్పి మనకి ఇంకోటి చెప్పడం మొదటి రోజు నుంచే మోసం, భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318 మోసానికి, 316 నమ్మకద్రోహానికి. స్టేషన్‌లో తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. ఓనర్ కూడా మీతో వచ్చి సంతకం పెడితే కేసు బరువే వేరు.

మాకు నిజంగా పనికొచ్చింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, అగ్రిమెంట్ మా ఆవిడ పేరు మీద ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఓనర్‌తో రాజీ కుదిరింది, ఇకపై అద్దె నేరుగా ఆయనకే కడతాం, పిల్లల పరీక్షలయ్యేదాకా ఉండనిస్తారు. ఆ రాజీని రాసిచ్చే ఉత్తర్వుకి (అవార్డు అంటారు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానమైన విలువ ఉంది, దానిమీద అప్పీలు లేదు. ఏజెన్సీ వాళ్లు మాత్రం ఆ ఛాయలకే రాలేదు. సర్వీస్ చార్జి తీసుకున్నారు కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేశాం. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే 2 ఏళ్లలోపు వెళ్లాలి, డబ్బు రికవరీ సివిల్ దావాకి 3 ఏళ్లు. "వచ్చే నెల ఇచ్చేస్తాం" అని వాళ్లు వాయిదాలు చెబుతుంటే ఆ గడువు కరిగిపోతూ ఉంటుంది.

ఓనర్లు కూడా ఇది చదువుతుంటే, అద్దె సరిగ్గా పడుతోంది కదా అని కూర్చోకండి. మీ ఇంట్లో ఉన్నవాళ్ల నంబర్ మీ దగ్గర ఉందా? ఈరోజే ఒకసారి ఫోన్ చేసి, ఏజెన్సీకి ఎంత కట్టారో అడగండి.